వంశశుద్ధియు పండ్ల ఈగయు

మన దేశమున పెండ్లిమాటలు మొదలైనచో పెద్దలు మొదట నడుగునది వంశమెట్టిదని. పిదప నడుగునది గోత్రమేదని. కులము, గోత్రము, ఇంటిపేరు - ఈ మూడును తాతనుండి తండ్రికిని, తండ్రినుండి కొడుకునకును చెక్కుచెదరక దిగివచ్చు ఆస్తివంటివని మన నమ్మకము. రక్తము ఒక్క కాలువలో పారివచ్చు నీరువంటిదనియు, అందు పరాయినీరు కలియకుండ గట్టువేసి కాపాడుట కుటుంబధర్మమనియు మనవారు తలంతురు. ఈ తలంపు ఎంతవఱకు నిజమో తెలిసికొనుటకు గొప్ప గొప్ప గ్రంథములను తిరుగవేయ నక్కరలేదు. మన వంటింట మగ్గిన పండుమీద వ్రాలు చిన్న యీగ చరిత్ర తెలిసికొన్న చాలును. ఇది పరిహాసమునకై చెప్పుమాట కాదు. వంశమనగా ఏమో మానవునకు తేటపఱచిన ప్రాణులలో ఆ యీగయే మొదటివరుసలోనిది.

నేను నెల్లూరు జిల్లా సముద్రతీరమువాడను. మైపాడునకును కృష్ణపట్టణమునకును నడుమనున్న ఇసుకనేలలలో సరుగుడుతోటలును తాడిచెట్లును విస్తారముగ నున్నవి. శ్రావణ భాద్రపదములందు రాలిన తాటిపండు ఒక్కదినము నేలపై పడియున్నచో దానిచుట్టును చిన్న చిన్న యీగలు ముసరును. కల్లుకుండ మూతిమీదను, మగ్గిన అరటిగెలమీదను, తినిపాఱవైచిన మామిడిటెంకమీదను ఉండునవి యివియే. మామిడికాయలో గ్రుడ్లు పెట్టి పురుగు పట్టించు పండుఈగ వేఱు. రైతునకు దానితోనే వైరము. నేను చెప్పు ఈగ పులిసిన పండ్లపై బ్రదుకునది, ఎఱ్ఱని కన్నులుగలది, నువ్వుగింజంత యుండునది. దీని జాతికి శాస్త్రజ్ఞులు డ్రోసోఫిలా యని పేరు పెట్టిరి.

న్యూయార్కు నగరమున కొలంబియా విశ్వవిద్యాలయమునందు థామస్ హంట్ మోర్గన్ అను పండితుడు ఈ యీగలను పాలసీసాలలో పెంచెను. పదిదినములలో ఒక తరము గడచును; ఒక్క ఆడుఈగ కొన్నివందల గ్రుడ్లు పెట్టును; క్రోమోజోములు నాలుగు జతలు మాత్రమే. 1910లో ఎఱ్ఱకన్నుల యీగల నడుమ తెల్లకన్నుల మగఈగ యొకటి కనబడెను. దాని సంతతిని తరతరములుగ లెక్కించి, ఆ లక్షణము ఎక్స్ అను క్రోమోజోముతో కూడి నడచుచున్నదని మోర్గన్ నిర్ణయించెను. ఆయన శిష్యుడు స్టర్టివాంట్ విద్యార్థిగ నుండగనే జన్యువులు క్రోమోజోముపై ఏవరుసన నున్నవో చూపు మొదటి పటమును గీచి 1913లో ప్రకటించెను. మోర్గనునకు 1933లో నోబెల్ బహుమానము లభించినది.

ఆ పటము గీయుట సాధ్యమైనది యెట్లు? వంశశుద్ధిని గూర్చిన మన విశ్వాసమునకు సమాధాన మిక్కడనే యున్నది. ప్రతి ప్రాణికిని క్రోమోజోములు జతలుగ నుండును. జతలో ఒకటి తల్లి యిచ్చినది, రెండవది తండ్రి యిచ్చినది. బీజకణములు తయారగునపుడు ఈ జతలు విడిపోయి, ఒక్కొక్క కణమునకు ఒక్కొక్కటి చేరవలెను. దీనినే క్షయకరణ విభజన మందురు. అయితే విడిపోవుటకు ముందు తల్లిదియు తండ్రిదియు ప్రక్కప్రక్కన చేరి, అక్కడక్కడ తెగి, ఒకదాని తునుక నొకటి పుచ్చుకొని మరల అతుకుకొనును. రెండు జన్యువులు ఎంత దూరముగ నున్న నవి విడివడుట కంత యవకాశము హెచ్చు. ఈ విడివడుటను లెక్కించియే స్టర్టివాంట్ పటము గీచెను. మనుష్యులలో తండ్రి బీజకణమునందు సుమారు 26 చోట్లను, తల్లి అండమునందు సుమారు 40 చోట్లను ఇట్టి మార్పిడి జరుగుచున్నది. కాబట్టి నా తండ్రి నా కిచ్చినది మా తాత క్రోమోజోము కాదు, మా నాయనమ్మదియు కాదు. ఇరువురవి తెగి అతుకుకొనగా పుట్టిన క్రొత్తది. అట్టిది లోకమున అంతకుముందు లేదు, ఇకముందు రాబోదు.

ఇక్కడ తెలిసినవారొకరు ఆక్షేపింపవచ్చును. మోర్గన్ పెంచిన జాతిలో మగఈగకు ఈ మార్పిడి లేదు గదా, మగవాడు తన పాలిదానిని యథాతథముగ నిచ్చుచున్నాడు గదా యని. నిజమే; ఆ సంగతి 1912లోనే మోర్గన్ కనిపెట్టెను. కాని ఆ మగఈగ యిచ్చినదానిని మఱుతరమున దాని కూతురు ముక్కలుచేసి కలుపును. అంతియేగాక మనదేశమువంటి ఉష్ణదేశములలో మిక్కుటముగ కనబడు అననాసే అను జాతిలో మగఈగలకును మార్పిడి కలదని జపానుదేశపు శాస్త్రజ్ఞులు కిక్కావ, మొరివాకి 1937లో వేర్వేరుగ తెలిపిరి. శుద్ధముగ నుంతమన్నను ప్రకృతి ఉండనిచ్చుట లేదు.

ఈ తెగుట ప్రమాదవశమున కలుగునది కాదు. తెంచుటకై ఈగకొక ప్రత్యేకజన్యువు కలదు; బూజునందును మానవునందును దానికి సరిజోడు కలదు. అతుకుట మాత్రము వేఱొక నిత్యకృత్యముతో ముడిపడినది. ఎండవలనను, విషపదార్థములవలనను, దేహోష్ణమువలననే కూడ, మన డి.ఎన్.ఏ. ప్రతిదినమును ప్రతికణమునందును వేలకొలది చోట్ల చెడుచున్నది. చెడినదానిని ఎప్పటికప్పుడు బాగుచేయు యంత్రాంగము లేనిచో మనము బ్రదుకజాలము. ఆ యంత్రాంగపు మర్మములు విప్పినందులకే లిండాల్, మోడ్రిచ్, సంజార్ అను మువ్వురికి 2015లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానమిచ్చిరి.

దేహమును బాగుచేయు పనికిని, తరతరములను కలుపు పనికిని సంబంధమున్నదని చూపినది మరల ఈ యీగయే. 1972లో బేకర్, కార్పెంటర్ అను శాస్త్రజ్ఞులు క్రోమోజోముల మార్పిడి సరిగ జరుగని ఈగలను వెదకి పట్టిరి. అందొకదానికి మెయ్-9 అని పేరు. ఆ లోపముగల ఆడుఈగలలో మార్పిడి పదింట ఒకవంతునకు దిగజారినది. మార్పిడి జతలను విడిపోవు ఘడియవఱకు కట్టియుంచు ముడికూడ నగుటచే, అది లేనప్పుడు జతలు సరిగ విడిపోక, గ్రుడ్లలో కొన్నిటికి క్రోమోజోము లెక్కువయు కొన్నిటికి తక్కువయు నాయెను. 1976లో తెలిసిన దేమనగా, ఆ యీగల పిల్లపురుగులు డి.ఎన్.ఏ.ను చెఱచు మందునకు తాళలేక చచ్చుచున్నవి. తాత సొత్తును నాయనమ్మ సొత్తుతో కలుపు పనిముట్టే నేటి గాయమును మాన్పు పనిముట్టు కూడ నన్నమాట! పిదప ఆ జన్యువు మానవులలో ఏదియో తెలిసినది. జీరోడెర్మా పిగ్మెంటోజమ్ అను వ్యాధికి కారణములగు కొన్ని జన్యువులలో నది యొకటి. ఆ వ్యాధి గల బిడ్డలు ఎండ కోర్వలేరు. చర్మము మచ్చలు పడి, చిన్నతనముననే పుండ్లును క్యాన్సరును పుట్టును. మా తీరమున సంవత్సరమున ముప్పాతికపాలు ఎండయే. అట్టిచోట పుట్టిన అట్టి బిడ్డ గతి యేమో చదువరులు ఊహింపగలరు.

ఆ వ్యాధి తల్లి యిచ్చిన ప్రతియు తండ్రి యిచ్చిన ప్రతియు రెండును చెడినప్పుడే కలుగును. ఒక్కటి మంచిదైనను పని నడచును. దీనినే అంతర్గత లక్షణమందురు. దీనిని మన తాటాకు పుస్తకములతో పోల్చి చెప్పవచ్చును. పుస్తకమున ఒక ఆకు విఱిగెనేని, అదే పుస్తకపు రెండవ ప్రతి చూచి దానిని పూరింతుము. కణమును విఱిగిన డి.ఎన్.ఏ.ను కొన్నిమార్లు ఇట్లే జతలోని రెండవదానిని చూచి పూరించును. కాని విఱిగిన ఆకును పూరించుట వేఱు, పూర్వలేఖకుడు వ్రాసిన తప్పును దిద్దుట వేఱు. పాతతప్పును కణ మెఱుగదు. ఉన్నది ఉన్నట్లు ఎత్తి వ్రాసికొనును. తప్పు బాధింపకుండుటకు ఉపాయమొక్కటే: రెండవ ప్రతి వేఱుచోటినుండి వచ్చియుండవలెను. బ్రౌను దొర మన కావ్యములను పరిష్కరింపించునపుడు పలుతావులనుండి పలుప్రతులను తెప్పించి పండితులచే సరిచూపించెను. ఒక్క యింట ఒక్క మాతృకనుండి ఎత్తిన ప్రతులు పదియున్నను పదింటను అదే తప్పుండును గదా!

మేనరికమున జరుగునది యిదియే. భార్యాభర్త లిరువురును ఒకే తాతనాయనమ్మల నుండి ఎత్తివ్రాసిన ప్రతులు. మేనత్త మేనమామ బిడ్డలు పెండ్లాడినచో వారి సంతానమున 16 పాళ్లలో ఒకపాలు జన్యువులు రెండువైపులను ఒకే మూలమునుండి వచ్చినవగును. మేనమామ అక్కకూతురిని పెండ్లాడినచో 8 పాళ్లలో ఒకపాలగును. పుట్టుకతో వచ్చు పెద్దలోపములు సామాన్యముగ నూటికి ఇద్దరు ముగ్గురు బిడ్డలలో కనబడును; మేనత్త మేనమామ బిడ్డల సంతానమున ఇది ఇంచుమించు రెట్టింపగును. అనగా నూటికి తొంబదిమందికి పైగా ఆరోగ్యవంతులే. ఈ మాటను దాచి, మేనరికమనగనే అవిటిబిడ్డలని భయపెట్టుట సత్యము కాదు. కాని తరతరములుగ మేనరికముమీద మేనరికము చేసిన కుటుంబములలో లెక్క ఇంతతో ఆగదు.

మా బంధువుల యిండ్లలో ఒకదాని కథ చెప్పెదను. మా మేనత్త తన కూతురిని మా పెదనాన్న కుమారునకే యిచ్చినది. వారికి ముగ్గురు బిడ్డలు. పెద్దది ఆడుపిల్ల, పిదప ఇరువురు మగపిల్లలు, పుట్టుచెవిటివారు. పిల్లలు తెలివిగలవారు, పెద్దవాడు పడవ యింజనులను విప్పి మరల బిగించుటలో మా యూర మేటి. చెన్నపట్టణమున వైద్యులు పరీక్షించి, ఇది అంతర్గత లక్షణముగ వచ్చిన చెవుడనియు, తలిదండ్రు లిరువురియందును ఒక్కొక్క చెడుప్రతి దాగియున్నదనియు చెప్పిరి. ఇట్లుండగా రెండేండ్లక్రిందట ఆ పిల్లను, మా మేనత్త కడగొట్టుకొడుకునకు, అనగా పిల్లకు స్వయాన మేనమామకు ఇయ్యవలెనని మాటలు సాగినవి.

నేను కాగితముపై లెక్కవేసి చూచితిని. వినగల ఆ పిల్లయందు చెడుప్రతి దాగియుండుటకు మూడింట రెండుపాళ్ల అవకాశము. మేనమామయందు దాగియుండుటకు సగము. ఇద్దరియందు నున్నచో బిడ్డకు చెవుడు వచ్చుటకు నాలుగింట ఒకపాలు. మొత్తముమీద ప్రతి కాన్పునందును పండ్రెండింట ఒకపాలు. పరాయి సంబంధమైనచో ఆ వరునియందు అదే జన్యువు చెడియుండుట యరుదు గావున ఈ భయము మిక్కిలి తగ్గిపోవును. ఈ లెక్కను తీసికొనిపోయి మా అత్తకు విన్నవించితిని. ఆమె ఓపికగ వినెను, విని యిట్లనెను:

"చదువుకున్నోడివి, నువ్వు చెప్పేది నిజమేలే నాయనా. చెవిటి తమ్ముళ్లున్న పిల్లని పరాయోళ్లు ఎవురు చేసుకుంటారు? చేసుకున్నా కట్నం ఎంతడుగుతారో నీకు తెలీదా? నా కొడుకైతే ఆ బిడ్డల్ని కూడా తన బిడ్డల మాదిరి చూసుకుంటాడు."

ఆమె మాట తోసివేయదగినది కాదు. మేనరికము మనయందు మూఢత్వముచేతనే నిలిచియున్నదనుకొనుట పొరపాటు. కూతురు పరాయియింట కష్టపడకుండుటకును, భూమి ముక్కలు కాకుండుటకును, కట్నముబాధ తప్పుటకును మనవారు కట్టుకొన్న పందిరి యది. కట్నము నిషేధించు శాసనము 1961లోనే వచ్చినది, కట్నము పోలేదు. కట్నమును ఉండనిచ్చి మేనరికమును మాత్రమే మానుడని చెప్పు సంస్కర్తను మా అత్తవంటివారు వినరు, వినకుండుటకు వారికి కారణము కలదు.

అటుపిమ్మట, నెల్లూరిలో డిగ్రీ చదువుచున్న ఆ పిల్లతో మాటలాడితిని. ఈగలకథయంతయు చెప్పితిని. ఆమె చివరివఱకు విని, "చిన్నాన్నా, మామ నన్ను చంకనెత్తుకుని పెంచినాడు. జన్యువుల సంగతి తర్వాత. ముందు నన్నొకరు అడగాల గదా!" అనెను. తాతలు, తండ్రులు, వైద్యులు, నేను - ఇందఱము ఆమె సంతానమును గూర్చి లెక్కలు వేయుచుంటిమి. ఆమె యిష్టము ఆ లెక్కలలో లేదు. ఆ మాట ఇల్లంతయు పాకినది. మేనమామయే తల్లియొద్దకు పోయి తన కీ పెండ్లి వలదని చెప్పెను. చదువు ముగియువఱకు పెండ్లిమాట ఎత్తరాదని నిశ్చయమైనది. కట్నముమాట మాత్రము ఇంకను అట్లే యున్నది.

ఇక గోత్రమును గూర్చి. పెదనాన్న కూతురు మనకు చెల్లెలు. ఆమెను పెండ్లాడుటయన్న తలంపునకే చెవులు మూసికొందుము. మేనమామ కూతురు మరదలు. ఆమెను పెండ్లాడుట హక్కందుము. కాని జన్యువుల లెక్కలో ఇద్దరును మనకు సమానదూరములో నున్నవారే. ఇద్దరితోను మనకు ఎనిమిదింట ఒకపాలు ఉమ్మడి. గోత్రము తండ్రిగీతను మాత్రమే చూచును. తల్లిగీతకు కన్నులు మూసికొనును. దగ్గఱి రక్తము కూడదన్న పూర్వుల జాగ్రత్త మంచిదే. అది సగముదారిలో నిలిచిపోయినది.

తండ్రినుండి కొడుకునకు కలుషితము గాక దిగివచ్చునది ఒకటి యున్నమాట వాస్తవమే. అది వై అను క్రోమోజోము. దానిలో అధికభాగము ఎవ్వరితోను మార్పిడి చేసికొనదు. వంశశుద్ధికి ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు. మఱి దాని గతి యేమైనది? ఒకప్పుడు ఎక్స్‌తో సరిసమానముగ నుండిన జన్యువులలో వై నేటికి నూటికి మూడుపాళ్లు మాత్రమే నిలుపుకొన్నది. తల్లులయందు జతచేరి మార్పిడి చేసికొన్న ఎక్స్ దాదాపు అన్నిటిని నిలుపుకొన్నది. కలియక నిలిచినది క్షీణించినది. కలిసినది బలముగ నున్నది.

ఈ విచారణ మన దేశమునకు క్రొత్త కాదు. ఈగల పటములలోని దూరములకు 1919లో గణితసూత్రము చెప్పిన హాల్డేన్ పండితుడు 1957లో ఇంగ్లండును విడిచి కలకత్తాకు వచ్చి, పిదప భారతపౌరుడై, 1964లో భువనేశ్వరమున మరణించెను. ఆయన శిష్యుడు పిఠాపురమువాడగు ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రదేశపు మేనరికములను పరిశీలించి 1960లోను 1963లోను వ్యాసములు ప్రకటించెను. అరువదియేండ్లు దాటినవి. నేటికిని దక్షిణదేశమున ఈ సంబంధములు ఉత్తరదేశమున కంటె మిక్కిలి హెచ్చు. 1955 నాటి హిందూవివాహ శాసనము దగ్గఱిసంబంధములను నిషేధించుచునే, ఆచారమున్నచోట వానిని అనుమతించినది. కావున ఇది శాసనముచేత తీరు పని కాదు. ఇండ్లలో తీరవలసిన పని.

నేను కోరున దిది. నిశ్చితార్థమునకు ముందు జాతకములు చూచువారు, ఇరుకుటుంబముల మూడుతరముల వంశవృక్షమును కాగితముపై గీసి, పుట్టుచెవుడు, చూపులేమి, పసిబిడ్డల మరణములు ఎక్కడెక్కడ కలవో గుర్తింతురు గాక. అట్టివి కనబడినచో వైద్యుని యడుగుడు. జన్యుపరీక్షలు చేయువారు హైదరాబాదునందు కలరు. ఇదివఱకే మేనరికము చేసికొన్న దంపతులను నిందింపకుడు. పుట్టిన బిడ్డకు చెవుడున్నచో కర్మమని కూర్చుండక మొదటి సంవత్సరముననే పరీక్షింపించి, వినుటకు గాని సైగలభాషకు గాని దారి చూపుడు. కట్నము అడుగని యింటివారిని నలుగురిలో గౌరవింపుడు. అట్టి యిండ్లు పెరిగిననాడే మా అత్త ప్రశ్నకు జవాబు దొరకును. అన్నిటికంటె ముందు పిల్లను అడుగుడు.